తడిక ముడి

రేవుపాళెం, వాకాడు మండలం
జనవరి 19

బావకు,

ఒక్క ప్రశ్న అడుగుతా, తప్పించుకోకుండా జవాబు చెప్పు. దేవుడి సేవ చేసేవాడు పెళ్లిరోజు పేరు చెప్పి రెండు రోజులు ఊరు వదిలి విహారానికి పోవచ్చా? పోవచ్చని ఏ వాక్యంలో ఉండాది? నేను మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికినా. పెళ్లిళ్లు ఉండాయి, పెళ్లి విందులు ఉండాయి, నీళ్లు ద్రాక్షరసమైన పెళ్లి కూడా ఉండాది. పెళ్లయిన పాతికేళ్లకు భార్యను వెంటబెట్టుకోని లాడ్జికి పొమ్మని మాత్రం ఎక్కడా లేదు.

ఇది ఫోన్లోనే చెప్పేవాణ్ణి. పోయినసారి నేను మాట్లాడుతుంటే నువ్వు ఫోను చక్కెర డబ్బా మీద పెట్టి నలభై నిమిషాలు టీలు పోసుకున్నావని మీ ఇంట్లో పేరమ్మక్క చెప్పింది. కాయితం మీద రాస్తే మాత్రం చదువుతానన్నావంట. అందుకని రాస్తా ఉండా. నేను సముద్రం మీద వలలు లాగినవాణ్ణి. బడి మొహం చూడకుండా, వాక్యం చదవాలన్న ఆకలితో ముప్పై ఏళ్ల వయసులో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. నా రాత కొంచెం వంకరగా ఉంటే సర్దుకో.

సంగతేందంటే, నీ చెల్లెలు వనజాక్షి ఫోన్లో ఏదో వీడియో చూసింది. సాలిపట్నమంట. ఒకప్పుడు ఓడలకు మగ్గం గుడ్డలెత్తిన రేవంట. వందేళ్లు పాడుబడి పోయి, ఇప్పుడు మళ్లా గోడలు నిలబెట్టి, వీధుల్లో రాళ్లు పరిచి, వర్తకుల మిద్దెలను బసలు చేసినారంట. మా సంఘంలో ఉషారాణి కూతురు అక్కడే పని చేస్తుంది. ఆ పిల్లకు చెప్పి మా పెళ్లిరోజుకు, ఫిబ్రవరి తొమ్మిది, పదికి, ఈమె నన్నడగకుండానే గది పట్టుకుంది. ఎండుచేపలు అమ్మిన తన డబ్బుతోనే.

"ఏముండాది అక్కడ చూసేదానికి?" అన్నా.

"పాడుబడిన ఊరిని మళ్లా ఎట్ట నిలబెట్టినారో చూడాల" అంది.

"సున్నం కొట్టిన సమాధులు" అన్నా. వాక్యంలో ఉన్న మాటే అన్నా.

"సమాధి దగ్గరికి నాతో రావడం నీకు అలవాటు లేదులే" అంది.

ఆ మాటకు అర్థం నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని గురించి రాయను.

పైగా షరతు ఒకటి. వాక్యం సంచి ఇంట్లో పెట్టి రావాలంట. రెండు రోజులూ ప్రసంగం లేదు, సాక్ష్యం లేదు, ఎవురికీ ఏమీ బోధించకూడదంట. చేపను గట్టున పడేసి ఈదొద్దు, ఊరికే పడుండు అన్నట్టు ఉండాది. ఆ శనివారం నేను మనుబోలులో కూటం ఒప్పుకున్నా. నువ్వు ఆమెకు అన్నవి గదా, నాలుగు మాటలు చెప్పి ఆమె మనసు మార్చు.

నీ బావ,
చిన్నపోలయ్య

*

చిల్లకూరు
జనవరి 27

బ్రదర్ బావకు,

నీ జాబు నాలుగు పేజీలు. మూడు పేజీలు నా టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చున్న లారీ డ్రైవర్లకు చదివి వినిపించినా. ఒకాయన, "ఎవురన్నా ఈయన, పెళ్లాం ఊరికి పోదామంటే పోలీసులు స్టేషన్‌కు రమ్మన్నట్టు వణికిపోతా ఉండాడు" అన్నాడు. నా చెల్లెలి మొగుడని చెప్పేదానికి సిగ్గేసి, దూరపు చుట్టమన్నా.

నాలుగో పేజీ ఎవురికీ చదవలా. సమాధి మాట ఉన్న పేజీ.

బావా, నేను పెంచలకోనకు పోయి కొబ్బరికాయ కొట్టుకునేవాణ్ణి. మీ వాక్యంలో ఏముండాదో నాకు తెలీదు. నా చెల్లెలు మాత్రం నాకు తెలుసు. మొన్న దసరాకు వచ్చినప్పుడు అన్నాలు తిన్నాక పేరమ్మ చాప పరిచి దిండు వేసింది. వనజ గోడకు ఆనుకోని కూర్చుంది. "పడుకో వనజా" అంటే "నాకిట్టే అలవాటు వదినా" అంది. రాత్రి కూడా అట్టే, కూర్చోనే కునుకు తీసింది. పేరమ్మ కదిలించి అడిగితే, బిడ్డ కరుణ పోయినప్పటి నుంచి తాను నడుం వాల్చి పడుకోలేదని చెప్పింది. పద్దెనిమిదేళ్లు. నీకు తెలీదా? ఒకే ఇంట్లో ఉంటారు గదా మీరు.

పోయినేడు మా చిల్లకూరులో నీ కూటం పెట్టినప్పుడు నీ మైకు నా బడ్డీ దాకా వినపడింది. "తోటలో ప్రభువు చెమటోడ్చి ప్రార్థిస్తుంటే శిష్యులు నిద్రపోయినారు. అట్టే నా భార్య నిద్రపోయింది. తడిక తెరిచి పెట్టి నిద్రపోయింది. మా మూడేళ్ల బిడ్డ కాలవలోకి నడిచి పోయింది. మెలకువగా ఉండండి" అన్నావు. జనం బోరున ఏడ్చినారు. నేను వచ్చి చూసినా. నా చెల్లెలు ఆడోళ్ల వరసలో అందరికంటే ముందు కూర్చోని ఉండాది. ఏడవలా, తల కూడా వంచలా. వాన కురుస్తుంటే గొడుగు లేని మనిషి ఊరికే తడిసినట్టు కూర్చోని ఉండాది. ఆ పూట పది టీల్లో చక్కెర వేయడం మర్చిపోయినా నేను.

కరుణ పేరు మీ ఇంట్లో ఎప్పుడైనా వినపడుద్దా, మైకులో తప్ప?

మనుబోలు వాళ్లకు రాలేనని చెప్పు. పాతికేళ్లకు ఒక్కసారి అడిగింది. పో. రెండు రోజులు నోరు మూసుకోని ఆమె పక్కన నడువు. నువ్వు రెండు రోజులు మాట్లాడకపోతే నరకానికి జనం ఏం ఎగబడరులే.

నీ బావ,
పెంచలయ్య

*

రేవుపాళెం
ఫిబ్రవరి 14

బావకు,

పోయి వచ్చినాం. సంచి ఇంట్లోనే పెట్టినా. నీ మాట విన్నందుకు మనుబోలు సంఘం వాళ్లు నా మీద కోపంగా ఉండారు.

ఊరు బాగుండాది. నేను అనుకున్నట్టు లేదు. అంతా గవ్వసున్నమే, సిమెంటు కనపడదు. సముద్రం గవ్వలు కాల్చి, నూరి, నానబెట్టి గోడలకు పూస్తా ఉండారు. ఒక గోడ దగ్గర మేస్త్రీ పని చేస్తుంటే వనజ గంట సేపు నిలబడింది. "పాత గోడ మీద కొత్త సున్నం ఎట్ట పట్టుద్ది?" అని అడిగింది. "పట్టదమ్మా. ముందు పుచ్చిపోయిన పెచ్చంతా గీకేయాల. రాయి బయటపడాల. మూడు రోజులు నీళ్లు కొట్టాల. అప్పుడు పట్టుద్ది. గీకకుండా పైన పూస్తే ఒక్క వానకు ఊడిపోద్ది" అన్నాడు. ప్రసంగానికి పనికొస్తుందని నేను మనసులో రాసుకున్నా. నోరు మాత్రం తెరవలా.

శుక్రవారం సాయంత్రం చేరినాం. గదిలో మంచం ఎంత ఎత్తుగా ఉండాదంటే ఎక్కేదానికి చెక్కమెట్టు పెట్టినారు. వనజ ఎక్కి కూర్చోని కాళ్లు ఊపింది. "పడవ మీద కూర్చున్నట్టు ఉండాది" అని నవ్వింది. శనివారం పొద్దున వీధులన్నీ తిరిగినాం. పెళ్లైన కొత్తలో నాకు వలలు అందించేటప్పుడు పాడే పాట ఒకటుండేది, దాన్ని మధ్యలో ఎత్తుకుంది, మాటలు మర్చిపోయి ఆపేసింది. మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టినారు. తిని ఆమె బాగా అలిసి పడుకుంది.

ఆదివారం పొద్దున ఆమె అటు నుంచి అటే మీ ఇంటికి వచ్చింది. వొంట్లో కొంచెం నలతగా ఉండిందిలే. వారం పది రోజులు ఉండనీ. ఆ తర్వాత పంపించు. స్త్రీల కూడికలో పాట ఎత్తేవాళ్లు లేక ఇబ్బందిగా ఉండాది.

నీ బావ,
చిన్నపోలయ్య

*

చిల్లకూరు
ఫిబ్రవరి 20

బావకు,

నలత అని రాసినావు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఆదివారం పది గంటలకు బస్సు దిగి బడ్డీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఒకటే సంచి. "ఏందిమే ఒక్కదానివే" అన్నా. లోపలికి వచ్చి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. మళ్లా అడిగితే ఒకే మాట అంది.

"నేను నిద్రపోయినా అన్నా."

అంతే. పది రోజులైంది, ఇంకేమీ చెప్పలా. అన్నం తింటుంది, బడ్డీలో పని చేస్తుంది, గోడకు ఆనుకుంటుంది. ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. అందుకే నీ ఫోన్లు ఎత్తడంలా.

నలత సంగతి నాకొద్దు. మధ్యాహ్నం పడుకుందని రాసి, అక్కడి నుంచి ఆదివారం పొద్దునకు దూకినావు. మధ్యలో శనివారం సాయంత్రం ఒకటుంటుంది గదా. ఏమైంది?

పెంచలయ్య

*

రేవుపాళెం
మార్చి 3

బావకు,

రాద్దామా వద్దా అని పది రోజులు ఆగినా. నేను తప్పు చేసినానని నువ్వు ముందే తీర్పు చెప్పి కూర్చున్నావు. నా మాట కూడా విను.

ఆమె పడుకున్నాక నేను కిందికి దిగి ముంగిట్లో కూర్చున్నా. చేతిలో పుస్తకం లేదు, ఏం చెయ్యాలో తెలీదు. హైదరాబాదు నుంచి వచ్చిన జంట ఒకటి అక్కడ కాఫీ తాగుతా ఉండారు. హరినాథ్ అంట ఆ అబ్బాయి పేరు. వాళ్లది మొదటి పెళ్లిరోజు. మాది పాతికోదని తెలిసి ఆ అమ్మాయి, "అంకుల్, అన్నేళ్లు ఎట్లా కలిసి ఉన్నారు? మాకూ ఏదైనా చెప్పండి" అంది.

బావా, ఆకలిగా ఉన్నోడు అన్నం అడిగితే పెట్టకుండా ఉంటామా? సంచి ఇంట్లో పెట్టి వచ్చినా, నోరు నాతోనే వచ్చింది గదా. రెండు మాటలే చెబుదామనుకున్నా. దుఃఖంలో కూడా దేవుడు మమ్మల్ని విడిచిపెట్టలేదని మొదలుపెట్టినా. ఏం దుఃఖం అంకుల్ అన్నారు. అక్కణ్ణుంచి నా గొంతు కూటం గొంతు అయిపోయింది. లేచి నిలబడినా. చెయ్యి ఎత్తినా. ఇద్దరు మనుషుల ముందు నాలుగొందల మందికి చెప్పినట్టు చెప్పినా. తోట, శిష్యులు, తెరిచి పెట్టిన తడిక, నిద్రపోయిన తల్లి. ఆ అమ్మాయి ఏడ్చింది. ఆ అబ్బాయి కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్లు నా వెనక్కి చూస్తా ఉండారు. తిరిగి చూస్తే మెట్ల మీద వనజ నిలబడి ఉండాది. చెంప మీద దిండు గీతలు. జుట్టు ఒక పక్కకు ఒరిగి ఉండాది. నాకప్పుడు తట్టింది, ఆమె గోడకు ఆనుకోని కునుకు తీయలేదని. ఆ ఎత్తు మంచం మీద కాళ్లు చాపుకోని, పట్టపగలు, మూడు గంటలు నిద్రపోయింది.

"లేచినాలే. మెలకువగానే ఉండా" అంది.

అరవలా. ఆ అమ్మాయి వైపు చూసి, "కాఫీ చల్లారిపోయింది, వేరేది తెమ్మని చెప్పండమ్మా" అంది.

తర్వాత సముద్రం గోడ దగ్గరికి నడిచినాం. అక్కడ ఒకటే అడిగింది. "ఆ పొద్దు నువ్వు ఇంటి దగ్గరే ఉండావు గదా. తడికకు నేను ముడి వేసినానా, లేదా? నువ్వు చూసినావా?"

"నేను వాక్యం చదువుతా ఉండా. చూడలా" అన్నా.

పొద్దున లేచి సంచి సర్దుకుంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. సాక్ష్యమంటే జరిగింది చెప్పడమే గదా. ఆమె నిద్రపోయింది. బిడ్డ పోయింది. అబద్ధమేమైనా చెప్పినానా నేను? ఆ సాక్ష్యం విని ఎంతమంది తాగుడు మానినారో, ఎంతమంది తల్లులు బిడ్డల్ని జాగ్రత్తగా చూసుకున్నారో నీకు తెలుసా? నా కడుపుకోత వృథాగా పోకూడదని దాన్ని దేవుడి పనికి వాడినా. అది నేరమైతే నేను నేరస్థుణ్ణే.

చిన్నపోలయ్య

*

చిల్లకూరు
మార్చి 16

బావకు,

నీ కడుపుకోత అని రాసినావు. ఆమెది ఎవురి కడుపు?

వనజ నోరు తెరిచింది. నీ జాబు వచ్చిన రోజే. నేను ఏమీ చదివి వినిపించలా. నీ రాత కవరు మీద చూసి, అట్టే కూర్చోని చెప్పుకుంటా పోయింది.

అప్పుడు నువ్వు మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టినావంట. కొత్తగా సేవలోకి వచ్చిన ఊపు. మూడు రాత్రులు నీ పక్కన మోకాళ్ల మీద ఉంది. కునుకు పడితే నువ్వు భుజం తట్టి లేపినావంట. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లకు అన్నం పెట్టి, పక్కన పడుకోబెట్టుకోని, తానూ వాలింది. మూడు రాత్రులు ఎవురు నిద్ర లేకుండా చేసినారో ఏ కూటంలోనైనా చెప్పినావా? నేను విన్న కూటంలో చెప్పలా.

ముడి సంగతి. వాలబోయే ముందు తడికకు తాడు కట్టినానంటుంది. రెండు చుట్లు చుట్టి పైన లాగుముడి, మా నాయన పడవను గుంజకు కట్టే ముడి. మూడేళ్ల పిల్ల విప్పేది కాదు, పిల్లకు అందేది కూడా కాదు. కానీ నువ్వు పద్దెనిమిదేళ్లుగా తెరిచి పెట్టిందనే చెబుతున్నావు. వెయ్యిసార్లు వింటే ఎవురికైనా అనుమానం వస్తుంది బావా. ఇప్పుడు ఆమెకే తెలీడంలా. "కట్టినట్టు చేతికి గుర్తుండాది అన్నా, కళ్లకు గుర్తు లేదు" అంటుంది.

నా బడ్డీ ముందర రేకుల కింద ఒక గుంజ ఉండాది. దానికి తాడు కడుతుంది. విప్పుతుంది. కడుతుంది. గిరాకీ లేనప్పుడల్లా ఇదే పని. నిన్న ఒక డ్రైవరు, "ఏం కడుతున్నావక్కా, బర్రెను తెస్తున్నారా?" అన్నాడు. నవ్వింది వాడికోసం.

నేను చెప్పినా, "మే, చేతికి గుర్తుంటే కట్టినట్టే. చెయ్యి అబద్ధం చెప్పదు" అని.

"అయితే విప్పిందెవురన్నా?" అంది.

ఆ ఇంట్లో ముగ్గురే ఉండారు. ఒకరు పోయినారు. ఒకరు నిద్రపోయినారు. అబద్ధం చెప్పినానా అని నన్నడిగినావు. నాకేం తెలుసు. నువ్వే చెప్పాల.

పెంచలయ్య

*

రేవుపాళెం
ఏప్రిల్ 2

పెంచలయ్య బావకు,

మొన్న శుక్రవారం ప్రభువు సిలువ దినం. ఏటా ఆ రోజు తోట వాక్యం నేనే చెప్పాల. లేచి నిలబడినా. శిష్యులు నిద్రపోయినారు అనేదాకా వచ్చినా. తర్వాత మాట రాలా. జనం నా గొంతు పోయిందనుకోని నీళ్లు తెచ్చినారు. గొంతు బాగానే ఉండాది బావా. ముందు వరసలో ఆమె చోటు ఖాళీగా ఉండాది. చూస్తానే ఉండిపోయినా.

రాస్తా ఉండా. ఆపకుండా రాసేస్తా, మళ్లా చదివితే చించేస్తా.

వనజ ముడి కట్టింది. రెండు చుట్లు, లాగుముడి. నేను కళ్లతో చూసినా.

విప్పింది నేను.

ఇంట్లో చీకటిగా ఉండాది, అక్షరాలు కనపడడంలా. అప్పుడప్పుడే కూడబలుక్కుంటా చదువుతా ఉండే రోజులు. సాయంత్రం మొదటిసారి నలుగురి ముందు చదవాల. తడుముకోకుండా చదవాలని పంతం. తడిక విప్పి బయటికి వచ్చి, పంచ కింద వెలుతురులో కూర్చున్నా. ఒక చేతిలో పుస్తకం ఉండాది. రెండో చేత్తో తడికను దగ్గరికి లాగినా. అంతే. కట్టలా. పడవలో పుట్టి పెరిగినవాణ్ణి, విప్పిన ముడి కట్టకుండా వదిలింది ఆ ఒక్కసారే. పుస్తకం కింద పెట్టకూడదని కట్టలా.

ఇంకా ఉండాది. కరుణ బయటికి వచ్చింది. నా దగ్గరికే వచ్చింది. నా మోకాలు పట్టుకోని, "నాన్నా, నీళ్లలో కొంగ" అంది.

నేను వరస కింద వేలు పెట్టి చదివేవాణ్ణి అప్పుడు. వేలు కదిలితే వరస తప్పిపోయేది. మళ్లా మొదటి నుంచి కూడబలుక్కోవాల. అందుకని తల ఎత్తలా. "అమ్మ దగ్గరికి పో తల్లీ, నాన్న చదువుకుంటా ఉండాడు" అన్నా. మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది. ఏ పక్కకు పోయిందో చూడలా. నా వేలు ఆ వరస చివరిదాకా పోయింది. తప్పు లేకుండా చదివినానని సంతోషపడినా కూడా.

అరుపులు విని పరిగెత్తినా. వనజ నా వెనకాలే వచ్చింది, నిద్ర మొహంతో. పాళెం అంతా పోగైంది. "ఎట్ట పోయింది పిల్ల? ఎవురూ చూడలేదా?" అని ఆడోళ్లు అడిగినారు. అందరి కళ్లు నా మీద పడినాయి. నా నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట, "ఆమె నిద్రపోయింది."

నేను కావాలని చెప్పలా. భయంతో వచ్చింది. కోడి కూయకముందే ప్రభువును ఎరగనన్న శిష్యుడు వెంటనే బయటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చినాడు. నేను ఏడవలా. ఆ మాట మీదే నిలబడినా. దాన్ని మూడో రోజు ప్రార్థనలో చెప్పినా, నలభయ్యో రోజు చెప్పినా. చెప్పేకొద్దీ జనం ఏడ్చినారు, నన్ను పొరుగూళ్లకు పిలిచినారు. సాలిపట్నంలో మేస్త్రీ చెప్పిన మాట నేను ప్రసంగానికని దాచుకున్నా చూడు. పెచ్చు మీద పెచ్చు పూసుకుంటా వచ్చినవాణ్ణి నేనే.

సముద్రం గోడ దగ్గర ఆమె అడిగినప్పుడు చెప్పేసి ఉండొచ్చు. నాకు దారి వేసి అడిగింది. ఆ ఊరికి తీసుకుపోయింది కూడా దీనికోసమేనేమో. నేను చూడలా అన్నా.

బావా, నీకు చేతులు జోడిస్తా ఉండా. ఈ జాబు నువ్వు ఆమెకు చదివి వినిపించు. నేను ఆమె ముందు నిలబడలేను. ఎన్ని ఊళ్లలో నిలబడినానో నాకు లెక్క లేదు.

చిన్నపోలయ్య

*

చిల్లకూరు
ఏప్రిల్ 5, శుక్రవారం

చిన్నపోలయ్యకు,

నీ జాబు నిన్న సాయంత్రం అందింది. చదివి బడ్డీ వెనక్కి పోయి నిలబడినా. పేరమ్మ వచ్చి ఏమైందంటే పొయ్యి పొగ అని చెప్పినా.

కోపం లేదని రాస్తే అబద్ధం. నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. నా మేనకోడలు నీ మోకాలు పట్టుకుందన్నావు. ఆ వాక్యం దగ్గర రెండుసార్లు ఆగిపోయినా. నువ్వు చించకుండా పంపినావు, అందుకే నేను కూడా ఈ జాబు రాస్తా ఉండా.

చదివి వినిపించమన్నావు. వినిపించను. నా నోటితో చెబితే, అన్న తనను ఓదార్చేదానికి కల్పించినాడనుకుంటుంది. పద్దెనిమిదేళ్లు ఒక నోటి నుంచి విన్న మాట ఆ నోరే వచ్చి తుడిచేయాల. నీ కాయితం మడిచి నా దగ్గరే పెట్టుకున్నా. ఆమెకు తెలీదు.

ఇప్పుడు ఇది విను. పొద్దున వనజ గుంజ దగ్గర తాడు విప్పేసి, చుట్టి, లోపల పెట్టేసింది. మొహం తేటగా ఉండాది. బాగుపడిందనుకోని సంతోషించినా. నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఎల్లుండి ఆదివారం ఆరాధనకు పోతున్నా. మగ్దలీనమ్మకు ఫోన్ చేసి నాకు కొంచెం సేపు ఇమ్మని చెప్పినా" అంది. మగ్దలీనమ్మంటే మీ స్త్రీల కూడిక పెద్ద గదా.

"పాట పాడతావా?" అన్నా.

"సాక్ష్యం చెబుతా. ఇన్నాళ్లూ ఆయనే చెప్పినాడు గదా, ఒకసారి నేనే లేచి నా నోటితో చెప్పేస్తా. తడిక కట్టలేదు, తెరిచి పెట్టి నిద్రపోయినా, నా బిడ్డను నేనే పోగొట్టుకున్నా అని చెప్పేస్తా. కట్టినానా లేదా అని ఇంక వెతుక్కోలేను అన్నా. కట్టలేదనుకుంటే ప్రాణం ఒకచోట నిలబడుద్ది. ఆయన కూడా నెమ్మదిగా ఉంటాడు."

బావా, నీ చెల్లెలనుకో, నీ తల్లనుకో. చెయ్యని తప్పును నూరు మంది ముందు తన తల మీద వేసుకునేదానికి తెల్ల చీర ఉతికి ఆరేసింది. అది ఇప్పుడు నా కళ్ల ముందు తీగ మీద ఆరతా ఉండాది. ఒక్కసారి ఆ మాట ఆమె నోట్లో నుంచి బయటికి వచ్చిందంటే, తర్వాత నువ్వు కాళ్ల మీద పడి చెప్పినా ఆమె నమ్మదు. తన నోటినే నమ్ముతుంది.

ఆదివారం అక్కడే, అందరి ముందే చెబుతానని లెక్కలు వేసుకోవద్దు. ముందు ఆమెకు, ఒక్కదానికే, మైకు లేకుండా. ఏ వాక్యమూ కలపొద్దు. శిష్యుణ్ణి, కోడిని తేవొద్దు. కట్టింది నువ్వు, విప్పింది నేను, పిల్ల నా దగ్గరికి వచ్చింది, నేను తల ఎత్తలేదు. ఈ నాలుగు ముక్కలు చెప్పు. ఆమె కొడితే కొట్టించుకో. ఏమీ అనకపోతే కూర్చో. నీతో వస్తుందో రాదో నాకు తెలీదు, ఆ సంగతి నువ్వడగొద్దు.

ఈ జాబు పోస్టులో వేయడంలా. పోస్టులో వేస్తే సోమవారం చేరుద్ది. మీ పాళేనికి ఐసు దించే లారీ ఫ్రెడ్డీ చేతికి ఇచ్చి పంపిస్తా ఉండా. ఐసు దించేదానికి వాడికి గంట పడుద్ది. నువ్వు ఇది చదివే వేళకు వాడు మీ రేవులోనే ఉంటాడు, ఖాళీ బండి మళ్లా నా బడ్డీ ముందర నుంచే పోవాల. నిన్ను ఎక్కించుకోమని చెప్పినా.

చొక్కా మార్చుకోవద్దు. ప్రార్థన చేసుకోని వస్తానని కూర్చోవద్దు. జవాబు రాయొద్దు. సాయంత్రం టీ వేళకు ఆమె ఇక్కడ గ్లాసులు కడుగుతా ఉంటుంది. ఈ కాయితం కింద పెట్టు, లెయ్, పోయి బండెక్కు.

పెంచలయ్య